తొందరగా వచ్చిన జవాబు

ఆమెకు ఆ ఖాళీ అంటే ఇష్టం. కొండ మీది యంత్రాన్ని "ఉన్నావా" అని అడిగిన తరువాత, అది "ఉన్నాను" అని బదులు చెప్పేలోపల, తెరమీద ఏమీ జరగకుండా ఉండే చిన్న ఖాళీ. తక్కిన యంత్రాలకు అది లేదు. కింది అంతస్తులోవీ పక్క భవనంలోవీ అడగడం పూర్తికాకముందే పలికినట్టు పలుకుతాయి. కొండ యంత్రం మాత్రం రెప్ప వేసి తెరిచేంతసేపు ఆగి, ఏదో ఆలోచించుకున్నట్టుగా పలికేది.

అది ఆలోచన కాదనీ, దూరమనీ ఆమెకు తెలుసు. భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి. ఆమె వేసిన ప్రశ్న ముందు మెట్ల కింద, ఆఫీసు తీగలన్నీ కలిసే ఇనుప బీరువాలోకి వెళ్ళాలి. అక్కణ్ణుంచి ఊరి బయట గడ్డి పెరిగిన మైదానంలో, ముఖం పైకెత్తుకుని నిలబడ్డ పెద్ద తెల్లని పళ్ళెం దగ్గరకు చేరాలి. ఆ పళ్ళెం దాన్ని ఆకాశంలోకి విసురుతుంది. ముప్ఫయ్యారువేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమంగా తిరుగుతూ కదలనట్టే కనిపించే ఉపగ్రహం ఒకటి దాన్ని అందుకుని కొండ మీదకు జారవిడుస్తుంది. జవాబు కూడా అదే దారిన పైకెక్కి కిందికి దిగాలి. కాంతి ఎంత వేగంగా నడిచినా, ఆ ప్రయాణానికి దాదాపు అర సెకను పడుతుంది. అంతకన్న తక్కువలో ఎవరివల్లా కాదు.

ఆ అర సెకనులో ఆమె కూడా వెళ్ళివచ్చేది. మెట్ల కింద వెచ్చని దుమ్ము వాసన, మైదానంలో గడ్డి కదలిక, ఆపైన శబ్దమే లేని నల్లని చలి, ఆ తరువాత మంచులో తడిసిన రాతి మెట్లు, చిన్న తెల్లని గది. కళ్ళు తెరిచేసరికి తెరమీద జవాబు ఉండేది. కొండ ఎక్కని మనిషికి కొండ అంత బాగా తెలియడం విచిత్రమే. కాని ఆమె ఊహలో రాతి మెట్లకు ఎడమపక్కన ఎప్పుడూ ఒక తుప్పుపట్టిన కడ్డీ ఉండేది, దాన్ని పట్టుకుంటే అరచేయి ఎర్రబడేది.

ఆమె పనిచేసేది వాతావరణ కార్యాలయంలోని నెట్‌వర్క్ గదిలో. దూరదూరాల పరిశీలన కేంద్రాల నుంచి వానల కొలతలూ గాలుల కొలతలూ ఆ గది గుండానే లోపలికి వస్తాయి. ఏ యంత్రం పలుకుతోంది, ఏది పలకడం లేదు, పలకనిది ఏ మజిలీ దగ్గర ఆగిపోయింది అని వెతికి చెప్పడం ఆమె ఉద్యోగం. అలా పిలిచి చూడడాన్ని ఆ వృత్తిలో పింగ్ చెయ్యడం అంటారు. రోజంతా పింగ్ చేస్తూ కూర్చుంటుంది కనుక ఆఫీసులో అందరూ ఆమెను పింగమ్మ అన్నారు. మొదట వెనకాల అన్నారు, తరువాత ఎదురుగానే అన్నారు, చివరకు ఆమే ఫోనెత్తి "పింగమ్మని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది.

ఈ బుద్ధి చిన్నప్పటిది. వాళ్ళ ఇంటి వెనక కాలువ పనుల కోసం తెచ్చి పడేసిన పెద్ద సిమెంటు గొట్టాలు కొన్ని ఏళ్ళ తరబడి అలాగే పడి ఉండేవి. తోటిపిల్లలు వాటిలో దాక్కునేవారు. ఈమె మాత్రం ఒక కొసన కూర్చుని లోపలికి ఓ కేక వేసి, తిరిగివచ్చేదాకా చెవి ఒగ్గేది. పొడుగు గొట్టం ఆలస్యంగా పలుకుతుందనీ పొట్టిది త్వరగా పలుకుతుందనీ ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. వాళ్ళ నాన్నకు మాత్రం కూతురు గొట్టంతో కబుర్లాడుతోందని దిగులుగా ఉండేది.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఆమె ఉద్యోగం ఏమిటో అడిగి తెలుసుకున్నారు. యంత్రాన్ని ఉన్నావా అని అడుగుతాం, ఉంటే ఉన్నానంటుంది అని పింగమ్మ వీలైనంత సరళంగా చెప్పింది. అత్తగారు చిక్కుళ్ళు వలుస్తూ చాలాసేపు ఆలోచించారు.

"అంటే ఇంత చదువూ చదివి మీరందరూ చేసేది పలకరింపులేనన్నమాట" అన్నారు. "ఆ మాటకొస్తే నేనూ అదే పనిలో ఉన్నాను. నాకు పలికేవాళ్ళే లేరు."

ఆ ఇంటికి తరువాత వచ్చిన కోడలు కూడా అదే కార్యాలయంలో పనిచేసేది. మరిది ఓడల మీద ఇంజనీరు. ఏడాదిలో సగంపైన సముద్రం మీదే ఉంటాడు. తోడికోడళ్ళు ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చేవారు. దారిపొడుగునా మాటలే. ఇద్దరికీ లెక్కలంటే ప్రాణం, ఇద్దరికీ వంటంటే విసుగు. ఇంట్లో ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోకపోవడం అత్తగారికి కొంత వెలితిగానే ఉండేది.

అంతలో కొండ మీది కేంద్రానికి పరిశీలకులు కావాలని ప్రకటన వచ్చింది. మబ్బుల్లో ఒక గది, గది ముందు వానకొలత పాత్ర, గాలి వేగం కొలిచే గాలిమర, ఆకాశం వైపు తిరిగిన చిన్న పళ్ళెం, వాటిని కనిపెట్టుకుని ఒక మనిషి. ఇద్దరూ దరఖాస్తు చేశారు. పింగమ్మకు చిన్నతనం నుంచి ఉబ్బసం. వైద్య పరీక్షలో ఆమె ఊపిరి సరిపోలేదు. చిన్నకోడలికి సరిపోయింది. మొగుడు నీళ్ళ మీద, పెళ్ళాం మబ్బుల్లో, ఇక ఈ కాపురాన్ని నేలమీద చూసేదెవరని అత్తగారు అడిగారు. చిన్నకోడలు నవ్వి పెట్టె సర్దుకుంది. పింగమ్మ బస్సుదాకా వెళ్ళి సాగనంపింది. శాలువా తన చేతులతో కప్పింది. ఏమీ అనలేదు. అనడానికి ఏమైనా ఉందేమో అప్పుడు వెతుక్కోలేదు.

ఆ మర్నాటి నుంచే కొండను చేత్తో పలకరించడం అలవాటైంది. బల్ల దగ్గర కూర్చోగానే ముందు ఆ ఒక్క పేరే టైపు చేసేది. పేరును బట్టి దాని చిరునామా అంకెలు వెతికించి, ఆ అంకెలను పిలిచి, ఖాళీలో వెళ్ళివచ్చేది. అది ఉద్యోగమో, బెంగో, కడుపుమంటో ఆమెకే తెలియదు.

తరువాత ఆ అవసరం లేకుండా ఆమే చేసింది. కేంద్రాలు పెరిగాయి. అన్నిటినీ ఒక వరుసలో పిలిచి, పలికినదానికి పచ్చదీపం, పలకనిదానికి ఎర్రదీపం చూపించే పెద్ద పలక ఒకటి తయారుచేసి గోడకు పెట్టింది. మొదట దీపం పక్కనే జవాబుకు పట్టిన కాలాన్ని కూడా చూపించేది. ఆ అంకెలు కాస్త అటూఇటూ ఊగితే చాలు, పై అంతస్తుల వాళ్ళు కంగారుపడి ఫోన్లు చేసేవారు. విసుగెత్తి ఆ అంకెలు తీసేసింది. పలక చూడముచ్చటగా తయారైంది. పచ్చ, ఎరుపు, అంతే. అందరూ మెచ్చుకున్నారు. కొండ దీపం పై వరుసలో ఒక మూల ఎప్పుడూ పచ్చగా ఉండేది. చేత్తో పిలవడం నెమ్మదిగా మానేసింది.

ఆ ఏడు కార్యాలయానికి కొత్త భాగం కట్టారు. రంగుల వాసన ఇంకా పోకముందే కొండ నుంచి కొలతలు రావడం ఆగిపోయింది.

కొలతలన్నీ చేరేది గణాంక విభాగానికి. ఆ విభాగం పెద్దను అందరూ లెక్కల సారు అంటారు. ఆయన మర్యాదస్తుడు, గొంతు పెంచడు. దారి ఏమైనా చెడిందా అని నెట్‌వర్క్ గదిని అడిగాడు. పింగమ్మ తలెత్తి గోడ మీది పలకను చూసింది. కొండ పచ్చగా ఉంది. దారి బాగానే ఉందని జవాబు పంపింది. కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ తలెత్తి చూసి, మళ్ళీ అదే జవాబు పంపింది.

కొండ మీద ఫోను పలకదు. సగం దూరం దిగి ఒక మలుపు దగ్గరకు వస్తే పలుకుతుంది. చిన్నకోడలు ఆ మలుపు దాకా దిగి వచ్చి ఫోను చేసింది. ఇక్కడి యంత్రం కొలతలను పంపుతూనే ఉంది, అందినట్టు బదులే రావడం లేదు, అక్కడెవరూ తీసుకోవడం లేదు, ఒకసారి సరిగ్గా చూడమని అడిగింది. గాలికి మాటలు తునిగిపోతున్నాయి. అప్పటికి పింగమ్మ చేతిలో వేరే పనులున్నాయి.

"దారి బాగానే ఉంది. నీ దగ్గరే ఏదో అయివుంటుంది, అక్కడే చూసుకో" అంది.

 అటువైపు గాలిలోంచి "సరే అక్కయ్యా" అని వినిపించింది.

దారి బాగుండి కొలతలు రావడం లేదంటే, తీసే మనిషి తీయడం లేదన్నమాట. ఇందులో లెక్కల సారు తప్పేమీ లేదు. ఎవరు లెక్క కట్టినా అంతే వస్తుంది. కార్యాలయంలో అధిపతిని పెద్దసారంటారు. ఆయన దగ్గర చర్చ జరిగింది. కొండ కేంద్రాన్ని మూసేద్దామనీ, పరికరాలు విప్పి కిందికి తెద్దామనీ, పరిశీలకురాలిని గణాంక విభాగంలో ఒక బల్ల దగ్గర కూర్చోబెడదామనీ తేల్చారు. యంత్రాన్ని ఆపి, పళ్ళెం దించి, అన్నీ కట్టి ఉంచమని, చిన్నకోడలు మలుపు దగ్గరకు దిగినప్పుడు అందేలా ఆమె ఫోనుకు కబురు వెళ్ళింది. తెచ్చేందుకు వ్యాను మాట్లాడారు.

ఆ సాయంత్రం అత్తగారు కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూ, ఎవరివైపూ చూడకుండా అన్నారు.

"దారి బాగుందని రాసింది నువ్వేనటగా పెద్దమ్మాయ్."

ఉన్నమాటే రాశానంది పింగమ్మ.

"నువ్వు అబద్ధం రాస్తావని నేననలేదు. నీకు దక్కనిది దానికి దక్కింది. నేనూ ఒకప్పుడు తోడికోడలినే. ఆ చూపు ఎలా ఉంటుందో నాకు తెలుసు."

భర్త మంచినీళ్ళ గ్లాసు అందుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. ఇలాంటి వేళల్లో అతనికి ఎప్పుడూ దాహం వేస్తుంది. పింగమ్మ ఆవిడ కంచంలో చారు పోసింది. ఆ రాత్రి నిద్రలో రాతి మెట్లు ఎక్కుతూ, ఎడమపక్కన కడ్డీ కోసం చెయ్యి చాపింది. కడ్డీ అక్కడ లేదు.

వ్యాను బయలుదేరడానికి ముందురోజు మధ్యాహ్నం నెట్‌వర్క్ గదిలో ఎవరూ లేరు. పంకాల హోరు ఒకే శ్రుతిలో సాగుతోంది. కిటికీ అద్దం మీద ఎండ పల్చగా పరుచుకుంది. రేపటినుంచి ఆ మూల దీపం ఉండదని అనుకోగానే, ఒక్కసారి చేత్తో పిలవాలనిపించింది. సాగనంపడం లాంటిదే. పేరు టైపు చేసింది. పేరుకు అంకెలు దొరికాయి. అంకెలను పిలిచింది. అలవాటుకొద్దీ కళ్ళు మూసుకుంది.

మెట్ల కింది బీరువా దాటకముందే ఏదో తేడాగా అనిపించి కళ్ళు తెరిచింది. జవాబు అప్పటికే వచ్చి కూర్చుంది.

మళ్ళీ పిలిచింది. మళ్ళీ వెంటనే పలికింది. తెర మీద కాలం చూసింది. సెకనులో వెయ్యో వంతు కూడా లేదు. పింగమ్మ చేతులు బల్ల మీద పెట్టుకుని, ఎండను చూస్తూ కూర్చుంది. లెక్క చిన్నదే. అంత కాలంలో కాంతి ఆకాశానికి కాదు, పొరుగు జిల్లా దాటి వెళ్ళి రావడమే గగనం. పలుకుతున్నది కొండ కాదు. కొండ పేరుతో ఈ కట్టడంలోనే ఎవరో పలుకుతున్నారు.

ప్రశ్న ఏయే మజిలీల మీదుగా వెళుతోందో చూపించమని అడిగింది. దాన్ని ట్రేస్ చెయ్యడమంటారు. ఇదివరకైతే బీరువా, మైదానం, ఆకాశం దాటిన తరువాత కొండ వరుసగా కనిపించేవి. ఇప్పుడు బీరువా ఉంది, దాని పక్కనే జవాబు ఉంది. మధ్యలో దారే లేదు.

ఆ బీరువాకు తాళాలుండేది తాళాల బాబాయి దగ్గర. వయసులో ఆమెకన్న పెద్ద, బెల్టు కనిపించనంతగా నడుముకు తాళాల గుత్తులు. ఆయన్ని పిలిచి తెర చూపించింది. బాబాయి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కిందికి లాగి, మళ్ళీ తోశాడు. కొత్త భాగంలో చల్లగాలి యంత్రాలు బిగించినవాళ్ళు తమ యంత్రాలకు ఒక అంకెల వరుస అడిగారనీ, ఏది కావాలంటే అదే రాసి ఇచ్చాననీ నెమ్మదిగా గుర్తు తెచ్చుకున్నాడు. లోపలి చిరునామాలు ఇంటి గదుల పేర్లలాంటివి. ఏ ఇంటివాళ్ళయినా తమ గదికి నడిమిల్లు అని పేరు పెట్టుకోవచ్చు. కాని ఒకే ఇంట్లో నడిమిళ్ళు రెండుంటే చిక్కు. కొండకు ఇచ్చిన వరుసనే బాబాయి మళ్ళీ కింద ఇచ్చేశాడు. బీరువాలోని యంత్రానికి ఒక నియమం ఉంది. ఒకే అంకె దగ్గరలోనూ దూరంలోనూ ఉంటే, అది దగ్గరదాన్నే నమ్ముతుంది. కొండకు పోవలసిన బదులన్నీ కొత్త భాగంలోకే తిరిగిపోతున్నాయి. బదులు అందని కొండ, పంపినవి చేరలేదనుకుని వాటిని తనలోనే అట్టిపెట్టుకుంటోంది.

ప్రతి యంత్రానికీ పుట్టుకతో ఒక గుర్తు ఉంటుంది. దాని మొదటి సగాన్ని వెతికిస్తే చేసిన కంపెనీ ఎవరో తెలుస్తుంది. పింగమ్మ వెతికించింది. చల్లగాలి యంత్రాలు చేసేవాళ్ళే. ఇద్దరూ కొత్త భాగంలోకి నడిచారు. సమావేశాల గదిలో, తలుపు పక్క గోడకు, అరచేయంత తెల్లని డబ్బా ఒకటి గది వేడిని చూపిస్తూ వెలుగుతోంది. బాబాయి దాని తీగ లాగాడు. పింగమ్మ తన గదికి వెళ్ళి పలక చూసింది. కొండ దీపం ఎర్రబడింది.

ఇన్నాళ్ళూ ఆ మూల తాను చూసి ఊరుకున్న పచ్చదనం, ఒక గోడడబ్బాది.

"నాదే తప్పమ్మాయ్" అన్నాడు బాబాయి గుమ్మంలో నిలబడి. "ఇచ్చేముందు చూడాలి."

"మీరు ఇచ్చేముందు చూడలేదు బాబాయ్. నేను ఇచ్చాక చూడలేదు" అంది పింగమ్మ.

పెద్దసారు గదిలో ఆమె జరిగినది జరిగినట్టు చెప్పింది. తాను రెండుసార్లు దారి బాగుందని రాసిన సంగతి కూడా విడవలేదు. లెక్కల సారు తల దించుకుని విన్నాడు. అంటే ఆవిడ కొలతలు తీస్తూనే ఉండివుండవచ్చునా అని మాత్రం అడిగాడు. ఉండివుండవచ్చు అంది పింగమ్మ. పెద్దసారు ఇద్దరినీ చూసి, ఉండవచ్చు అనే మాట మీద మూసివేతను ఆపలేనన్నాడు. కొండ యంత్రంలో ఆ కొలతలు ఉంటే కేంద్రం ఉంటుంది. లేకపోతే వ్యాను ఖాళీగా తిరిగి రాదు.

బాబాయి ఆ వరుసను బీరువాలోంచి చెరిపేశాడు. ఇప్పుడు దారి నిజంగానే బాగుంది. పింగమ్మ కొండను పిలిచింది. ఖాళీ వచ్చింది. ఖాళీ వెనక జవాబు రాలేదు. ఆపమన్నారు కనుక అక్కడ యంత్రాన్ని ఆపేసి, పళ్ళెం దించేసి ఉంటారు. ఫోను చేస్తే మలుపు దగ్గర ఎవరూ లేరు. కట్టిపెట్టేటప్పుడు యంత్రం లోపలి బ్యాటరీ తీస్తే, దాచుకున్న కొలతలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. తీసేయమనే కబురులో ఉంది.

తెల్లవారి పింగమ్మ వ్యాను ఎక్కింది. చేసంచిలో ఊపిరి మందు, మెడ చుట్టూ మఫ్లరు. ఎవరు వద్దన్నా విననన్నట్టు ముఖం పెట్టుకుంది కనుక ఎవరూ వద్దనలేదు. అత్తగారు మాత్రం గేటు దాకా వచ్చి, ఒక పచ్చడి సీసా చేతిలో పెట్టి, అక్కడ పోట్లాడుకుంటే ముందు ఇది పక్కన పెట్టి పోట్లాడుకోండి, పగులుతుంది అన్నారు.

దారి మెలికలు తిరుగుతూ పైకి సాగింది. మొదట పొలాలు, ఆ తరువాత తుప్పలు, ఆపైన కిటికీ అద్దాలను నిమురుతూ పోయే తెల్లదనం. డ్రైవరు దీపాలు వేశాడు. మంచులో దీపాల కాంతి రెండు మెత్తని దారాల్లా ముందుకు పాకింది. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని అర సెకనులో వెళ్ళిన చోటికి ఆమె ఇప్పుడు కళ్ళు తెరుచుకుని సగం రోజు ప్రయాణం చేస్తోంది. ఏది నిజమైన ప్రయాణమో ఒక మలుపులో తెలిసినట్టూ, ఇంకో మలుపులో తెలియనట్టూ ఉంది. వ్యాను ఆగిన చోటి నుంచి మెట్లు. అవి రాతి మెట్లు కావు, సిమెంటువి. పట్టుకోవడానికి కడ్డీ లేదు. ప్రతి మలుపులోనూ కూర్చుని, మందు పీల్చి, మళ్ళీ లేచింది.

పైన తెల్లని గది గుమ్మంలో చిన్నకోడలు నిలబడి ఉంది. శాలువా నడుముకు బిగించి కట్టుకుంది. వెనకాల గాలిమర రెక్కలు దుప్పటిలో చుట్టి, పసిబిడ్డల్లా వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. పళ్ళెం గోడకు ఆనించి ఉంది. తోడికోడలిని చూసి ఆశ్చర్యపోయింది గాని, ముందు కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చో అక్కయ్యా. ఊపిరి రానీ. పరికరాలు తేవడానికి నిన్ను కూడా పంపారా?"

పింగమ్మ కూర్చోలేదు. ఊపిరి ఇంకా అందలేదు. అందకుండానే చెప్పింది. గోడడబ్బా సంగతి, అంకెల వరుస సంగతి, తాను తలెత్తి దీపం చూసి రాసిన రెండు జవాబుల సంగతి. మధ్యమధ్య ఆగి గాలి పీల్చుకుంటూ చెప్పడంవల్ల, ప్రతి మాటా విడివిడిగా, రాళ్ళు పేర్చినట్టు బయటికి వచ్చింది. చిన్నకోడలు కదలకుండా వింది.

"చేత్తో ఒక్కసారి పిలిస్తే తెలిసేది కదా" అంది చివరకు.

"తెలిసేది."

"నేను మలుపు దాకా దిగివచ్చి అడిగాను."

"అడిగావు."

"నువ్వు చూడలేకపోయావా అక్కయ్యా, చూడదలుచుకోలేదా? అత్తయ్య ఏమనుకుంటారో నాకు తెలుసు. నువ్వేమనుకుంటున్నావో చెప్పు."

పింగమ్మ మెట్లవైపు చూసింది. తాను ఎక్కివచ్చిన మెట్లు మంచులో అప్పుడే కరిగిపోయాయి.

"తెలియదు. దారంతా అదే అడుక్కున్నాను, తేలలేదు" అంది. "దీపం పచ్చగా ఉంది. నాకు అది చాలింది. ఇంకెవరిదైనా అయితే చాలి ఉండేదో లేదో తెలియదు."

 ఇద్దరి మధ్యా ఒక మబ్బుతునక గుమ్మంలోకి వచ్చి, గది చూసి, వెళ్ళిపోయింది. బ్యాటరీ తీశావా అని అడగడానికి పింగమ్మకు నోరు రాలేదు. ఆ మాట చిన్నకోడలే ఎత్తింది.

"బ్యాటరీ తియ్యలేదు" అంది. "తియ్యమన్నారు. చెయ్యి రాలేదు. రోజూ నా కళ్ళతో చూసినవి అందులో ఉన్నాయి. ఎవరూ నమ్మకపోతే పోనీ, నేనైనా నమ్మాలిగా."

ఆ తరువాత ఇద్దరూ పనిలో పడ్డారు. పళ్ళాన్ని మళ్ళీ స్తంభానికి ఎక్కించారు. దాన్ని ఉపగ్రహం వైపు తిప్పడం సున్నితమైన పని. ఒక వెంట్రుకవాసి తప్పితే ఆకాశమంతా ఖాళీయే. చిన్నకోడలు రెంచీ పట్టుకుని తిప్పింది, పింగమ్మ లోపల తెర ముందు కూర్చుని సంకేతపు బలం చెప్పింది. కొంచెం ఎడమకు, ఇంకొంచెం, ఆగు, దాటిపోయావు, వెనక్కి. ఎన్నో ఏళ్ళ కిందట బస్సులో కూర్చుని లెక్కలు అప్పజెప్పుకున్నట్టే ఉంది. మంచు వెనక ఎక్కడో, కనిపించని దానికి ఎదురుగా పళ్ళెం కుదురుకుంది.

యంత్రం లేచింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తరువాత తెరమీద, పంపవలసినవి అనే చోట ఉన్న పెద్ద అంకె ఒకటి తగ్గింది. ఇంకొకటి తగ్గింది. ఆపైన ఆగకుండా తగ్గుతూ పోయింది. అన్నిటికన్న పాతవి ముందు వెళ్ళాయి. కొత్త భాగం రంగులు ఆరుతున్న రోజుల వాన, ఎవరూ తీసుకోని గాలులు, చిన్నకోడలు ఒంటరిగా లేచి చూసిన తెల్లవారుజాముల చలి, అన్నీ పుట్టిన వరుసలోనే లేచి ఆకాశం మీదుగా కిందికి దిగుతున్నాయి. దిగిన ప్రతిదానికీ అందిందని బదులు వస్తోంది. కింద లెక్కల సారు తెరమీద అయిపోయిన ఋతువు మరోసారి మొదటినుంచి కురుస్తూ ఉండివుంటుంది. పింగమ్మ కుర్చీలో వెనక్కి వాలి, రోజులు అలా వెళ్ళిపోవడం చూస్తూ ఉండిపోయింది.

చివరికి అటునుంచి బాబాయి రెండు ముక్కలు పంపాడు. అన్నీ చేరాయి, యంత్రం ఆపేదాకా ఒక్క పూట కూడా తప్పలేదు, పెద్దసారు వ్యానును ఖాళీగా రమ్మన్నారు.

చిన్నకోడలు అది చదివి, ముఖం కడుక్కుంటానని బయటికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని, గొంతు మామూలుగానే ఉంది. సాయంత్రపు వానకొలత వేళ అయిందంది. తను గాలిమర రెక్కలు బిగించాలి, నువ్వు వెళ్ళి చూసి రా అంది.

వానకొలత పాత్ర గది ముందు, తడిగడ్డి మధ్యలో ఉంది. లోపలి గాజుగొట్టం తీసి, కంటికి ఎదురుగా పట్టుకుని, నీటి అంచు ఎక్కడుందో పింగమ్మ చూసింది. కొండ మీద ఆమె తీసిన మొదటి కొలత అది. గట్టిగా అంకె చెప్పింది.

చిన్నకోడలు రెక్క కింద పెట్టి, చేతులు శాలువాకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇలా ఇవ్వు, నేనూ ఒకసారి చూస్తాను" అంది. "ఏమీ అనుకోకు. కొన్నాళ్ళపాటు నీ అంకెలన్నీ చూసుకునే రాస్తాను."

"చూసుకో" అంది పింగమ్మ, గొట్టాన్ని తొణక్కుండా ఆమె చేతికి అందించి, వెలుతురుకు అడ్డం లేకుండా పక్కకు జరిగింది.